గడ్డి తగ్గించను

డెబ్బై ఆరు. డెబ్బై ఆరంటే ఇంకా ఫరవాలేదు, డెబ్బై ఆరు దగ్గర ఏ కొంపా మునగదు అనుకుంటూ ఆమె తెర మూలన వెలుగుతున్న ఆ చిన్న అంకె మీంచి చూపు లాక్కొచ్చి గడ్డి మీద పెట్టింది. నడుము దాకా పెరిగిన గడ్డి. గాలి ఎటు తోస్తే అటు వాలి, మళ్ళీ లేచి, ఒక్కో పోచా దాని ఇష్టం వచ్చినట్టు ఊగే గడ్డి. ఆ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, విల్లు ఎక్కుపెట్టి, ఎదుటి వంతెనకి కాపలా కాస్తోంది ఆమె. ఆమె అంటే ఆమె కాదు, తెరలో ఆమె ఆడించే మనిషి. కానీ ఆట సాగినంతసేపూ ఇద్దరికీ తేడా ఏమిటని అడిగితే ఆమె చెప్పలేదు, చెప్పదలుచుకోలేదు కూడా. వంతెన అవతల గంటస్తంభం. గంట మోగే వేళకి ఆ స్తంభం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఇటు నలుగురు, అటు నలుగురు. "సూదక్కా, ఎడమ పక్క పొదలు చూస్తుండు," అంది హెడ్‌ఫోన్లో కెప్టెన్. కెప్టెన్ ఎక్కడో ఏదో బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ, ముఖం ఎప్పుడూ చూసింది లేదు, గొంతు వింటే మాత్రం ఎంతటివాళ్ళకైనా వెన్ను నిటారుగా అయిపోతుంది. సూది అన్న పేరు బాబాయ్ పెట్టాడు. జట్టులో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆయన బాబాయ్. మొదటి రోజుల్లో ఏం చేస్తుంటావమ్మాయ్ అని అడిగితే ఆసుపత్రిలో పొద్దుటి షిఫ్టు, పరీక్షల కోసం వచ్చినవాళ్ళకి రక్తం తీస్తుంటాను అని చెప్పింది; అయితే నువ్వు సూదివన్నమాట అన్నాడు ఆయన, అంతే, ఆ రోజు నుంచి సూదే. ఇంట్లో ఏమోయ్, కూతురికి అమ్మ, ఆసుపత్రిలో మేడమ్. ఆ పేర్లన్నీ ఎవరో ఒకరి పక్కన నిలబడినందుకు వచ్చినవి. సూది మాత్రం గురి చూసి కొట్టి సంపాదించుకున్నది.

డెబ్బై తొమ్మిది. కొండ మీద మంచు మెరుస్తోంది, వంతెన కింద ఏరు పారుతోంది, ఇదంతా గీసి చూపిస్తున్నది కంప్యూటరు పెట్టెలోపలి గ్రాఫిక్స్ కార్డు, ఆ మూలనున్న అంకె దాని ఒంటి వేడి. డెబ్బైల్లో ఉన్నంతసేపూ హాయి. ఎనభై దాటితే ఫ్యాన్లు గోల మొదలెడతాయి. ఎనభై అయిదు దాటితే బొమ్మ నత్తి నత్తిగా కదులుతుంది, గాల్లో ఎగిరిన బాణం ఎక్కడ దిగిందో తెలియదు. తొంభై దాటిందా, ఇక మాటల్లేవు, టప్పుమని పెట్టె మొత్తం ఆరిపోతుంది. కొండా లేదు, ఏరూ లేదు, నల్లటి అద్దంలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నోరు తెరిచిన తన ముఖం ఒక్కటే. పోయిన రెండు ఆటల్లోనూ అదే జరిగింది. నలుగురూ ఉండాల్సిన చోట ముగ్గురే మిగిలి, నలుగురి చేతిలో చిత్తుగా ఓడిపోయారు, ఎంతో కష్టపడి ఎక్కిన పై తరగతి నుంచి జారిపోయే దాకా వచ్చారు. ఈరోజు ఓడితే కిందకే. ఆట మొదలవ్వక ముందు కెప్టెన్ మిగతా ఇద్దరినీ బయటికి పంపి, తనతో ఒక్కదానితోనే మాట్లాడింది. "అక్కా, నీ గురి ఎవరికీ లేదు, అది నాకు తెలుసు. కానీ ఈసారి కూడా మధ్యలో ఆరిపోతే నీ బదులు వేరేవాళ్ళని తీసుకుంటాను. ఏమీ అనుకోకు." అనుకోనని చెప్పింది. అబద్ధం. అనుకుంది, చాలా అనుకుంది. ఆ గొంతుల మధ్య తన గొంతు లేకుండా మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో ఊహించుకోబోయి, ఊహించుకోవడానికే ఒప్పుకోలేదు. కెప్టెన్ మీద కోపం లేదు. కెప్టెన్ స్థానంలో తానున్నా అదే చెప్పేది, ఇంకాస్త గట్టిగా కూడా చెప్పేదేమో.

ఎడమ పక్క పొదల్లో ఆకు కదిలింది. గాలికి కదిలిన ఆకు వేరు, మనిషి తగిలి కదిలిన ఆకు వేరు, చేతుల్లో నరం కోసం వెతికి వెతికి ఆమెకు అలాంటి తేడాలు అలవాటు. ఊపిరి బిగబట్టి వదిలింది. బాణం తగిలింది. "శభాష్ అమ్మాయ్," అన్నాడు బాబాయ్. ఎనభై ఒకటి. ఫ్యాన్లు అందుకున్నాయి. గడ్డి తగ్గించండి మేడమ్, అన్నాడు మొన్న పెట్టె ఆరిపోతోందని పిలిపిస్తే వచ్చిన రిపేరు కుర్రాడు. కుర్రాడంటే కుర్రాడేమీ కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, ఆమెకంటే చిన్నవాడు కాబట్టి కుర్రాడు. ఇంటికి వచ్చాడు, పెట్టెని బల్ల అరలోంచి బయటికి లాగాడు, పక్క తలుపు విప్పాడు, బ్రష్షుతో దులిపాడు, కార్డు విప్పి, వేడిని బయటికి లాగే పాత పేస్టు తుడిచి కొత్తది రాశాడు, పాపం పని శ్రద్ధగానే చేశాడు. మీ ఇల్లు భలే శుభ్రం మేడమ్, ముందు జాలీ మీద దుమ్ము చుక్క కూడా లేదు, అని మెచ్చుకున్నాడు కూడా, అది విని ఆయన, అంటే ఆమె భర్త, తానే ఆ ఇల్లు కట్టినంత గర్వంగా తలూపాడు. తలుపు తీసి ఉంచి ఆడితే డెబ్బై దగ్గరే నిలబడింది. తలుపు మూసి అరలోకి తోస్తే మళ్ళీ మామూలే. కార్డు పెద్దది, పెట్టె చిన్నది, అని తేల్చాడు కుర్రాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి నీడలు తగ్గించాడు, నీళ్ళ మీద మెరుపు తగ్గించాడు, చివరికి గడ్డి అన్న మాట దగ్గర వేలు పెట్టి, దీన్ని తగ్గిస్తే సగం వేడి పోతుంది మేడమ్ అని నొక్కాడు. అంతే. కొండ కింద మైదానమంతా గుండు గీసినట్టు అయిపోయింది. ఆకుపచ్చ రంగు పూసిన గచ్చు, ఆసుపత్రి వరండాలా. మర్నాడు ఆ గచ్చు మీద ఒక ఆట ఆడింది. ఏడుపు వచ్చినంత పనైంది. పోనీ వేడైనా తగ్గి ఏడ్చిందా? లేదు, కాసేపు ఆలస్యంగా, కానీ అదే తొంభై, అదే టప్పు. తగ్గించినా ఆరిపోయేదానికి తగ్గించడం ఎందుకు? గడ్డిని మళ్ళీ పూర్తిగా పైకి జరిపింది. కెప్టెన్ అడిగితే కూడా అదే మాట చెప్పింది: ఇంకేమైనా అడుగు, గడ్డి మాత్రం తగ్గించను.

తగ్గించు. ఈ మాట ఆమె ఎన్ని నోళ్ళ నుంచి విన్నది. అమ్మ నవ్వు తగ్గించమనేది, వీధి గుమ్మం దాకా వినపడుతోంది అనేది. బడిలో ఆటల మాస్టారు వేగం తగ్గించమన్నాడు, మిగతా ఆడపిల్లలు నీతో పాటు పరిగెత్తలేక ఏడుస్తున్నారని. పెళ్ళిచూపుల ముందు పెద్దమ్మ మాట తగ్గించమంది, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు, నువ్వు ఎదురు అడక్కు అంది. అడిగింది, ఫ్యాన్ వేసుకోవచ్చా అని, ఎందుకంటే అక్కడ కూర్చున్న అందరికీ చెమటలు పోస్తున్నాయి, ఎవరూ అడగరేం. ఆ ఒక్క ప్రశ్నకే ఆయన నవ్వి ఒప్పుకున్నానని తర్వాత చెప్పాడు. మరి ఆ నవ్విన మనిషే, రేడియో తగ్గించు, కూరలో కారం తగ్గించు, ఫ్యాన్ తగ్గించు అంటూ ఎప్పుడు మొదలెట్టాడో ఆమెకు గుర్తులేదు, మంచి మనిషి, చెడ్డవాడని ఒక్కనాడూ అనలేదు, ఇప్పుడూ అనదు, కానీ మంచివాళ్ళు మెల్లగా చెప్పే తగ్గించుని కాదనడం మరీ కష్టం. డాక్టరమ్మ కూడా అంతే. ఉన్నట్టుండి ఒళ్ళంతా నిప్పులు పోసినట్టవుతోంది డాక్టర్ గారూ, మెడ వెనక మొదలై చెవుల్లోకి పాకుతుంది, కిటికీ తెరిచి తల బయట పెట్టాలనిపిస్తుంది అని చెబితే, ఈ వయసులో మామూలే, టీ తగ్గించండి, ఆలోచన తగ్గించండి, పని కూడా కాస్త తగ్గించుకోండి అని రాసిచ్చింది. టీ తగ్గించింది. ఆలోచన ఎలా తగ్గిస్తారు? దానికి మరెక్కడైనా మీట ఉందా?

ఎనభై నాలుగు. అదిగో, మొదలైంది, మెడ వెనక. కార్డుదీ తనదీ ఒకే జాతకంలా ఉంది, అది మండితే ఇది మండుతుంది. నుదుటి మీద చెమట, హెడ్‌ఫోన్ కింద చెవులు ఉడికిపోతున్నాయి, ఎడమ చేత్తో మెడ తుడుచుకుని కుడి చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. ఈ వయసులో ఆటలేమిటి అని ఆసుపత్రిలో తోటివాళ్ళు మొహం మీదే నవ్వారు. మొదటిసారి వివరంగా చెప్పింది, రెండోసారి ఊరుకుంది, మూడోసారి, ఏ వయసులో ఆడాలో మీరు చెప్పండి అని అడిగింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆమె చూసేది మోచేతులు. నల్లవి, తెల్లవి, ముడతలవి, పసిపిల్లలవి, భయంతో ముడుచుకున్నవి. కూర్చునే గదికి ఒక్క కిటికీ ఉంది, దాని ఎదురుగా అడుగు దూరంలో ఇంకో భవనం గోడ. ఇంటికి వస్తే అయిదో అంతస్తు, కిటికీలోంచి చూస్తే ఎదుటివాళ్ళ ఏసీ మిషన్ల వీపులు. గడ్డి ఎక్కడుంది మరి? ఇక్కడుంది. ఇంత గడ్డి, గాలికి ఇంత గోలగా ఊగే గడ్డి, తెలతెల్లవారుతూనే మంచు బొట్లు పట్టే గడ్డి ఆమె బతుకులో ఈ తెర మీదే ఉంది. దాన్ని కాస్త తగ్గించుకోమనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

హాల్లో కరకరమని చప్పుడైంది. ఆయన సోఫాలో కాలు మార్చుకున్నాడన్నమాట. వారానికి ఒకరోజు షోరూమ్‌కి సెలవు, ఆ రోజంతా పేపరు పట్టుకుని సోఫాలోనే ఉంటాడు, ఏ కాస్త కదిలినా సోఫా మీద ప్లాస్టిక్ కవరు కరకరమంటుంది. ఆయన ఫర్నిచర్ షోరూమ్‌లో అమ్మకాలు చూస్తాడు, పని నేర్చుకున్న మొదటి రోజు నుంచీ ఆయన నమ్మిన మాట ఒక్కటే, కవరు తీశావా, ఆ క్షణమే పాతదైపోయింది. షోరూమ్‌లో అది నిజమే కావచ్చు. ఇంట్లోనూ అదే. సోఫా కవరు తీయలేదు. భోజనాల బల్ల కుర్చీలకి తీయలేదు, ఎండాకాలం కూర్చుని లేస్తే తొడలు అంటుకుని చర్మం ఊడొచ్చినంత పనవుతుంది. టీవీ రిమోటు ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది, ఏ మీట నొక్కుతున్నామో సంచికే తెలియాలి. పరుపు సంగతి సరేసరి. పెళ్ళైన కొత్తలో రాత్రిళ్ళు ఎటు ఒత్తిగిలినా ఆ పరుపు వీధి మొత్తానికి చాటింపు వేస్తుంటే ఇద్దరూ కట్టె పేళ్ళలా బిగుసుకు పడుకునేవాళ్ళు, చివరికి నవ్వాగక ఆమె దుప్పటి నోట్లో కుక్కుకునేది, ఆయనా నవ్వేవాడు, కానీ కవరు మాత్రం తీయలేదు. ఈ కంప్యూటరు బల్ల కూడా ఆయన షోరూమ్ నుంచే వచ్చింది, పెట్టె పెట్టడానికి కింద కొలతకి సరిపోయే అర, దాంట్లోకి తోస్తే అటూ ఇటూ వేలు కూడా పట్టదు, ముందువైపు జాలీ ఒక్కటే బయటికి కనిపిస్తుంది. పెట్టె ఆమె కొనుక్కుంది. ఆమె పుట్టినరోజుకి ఆమే, ఆమె జీతంతో. నీకెందుకే ఇది అని ఒక్కసారి అడిగి, ఆమె ముఖం చూసి, రెండోసారి అడగలేదు. పైగా బల్ల తెచ్చిచ్చాడు. రోజూ దాని మీద దుమ్ము తుడుస్తాడు కూడా, తన సొంత బిడ్డని తుడిచినట్టు. వచ్చిన కొత్తలో పెట్టె ఎంత చల్లగా ఉండేదని, ఎంతసేపు ఆడినా డెబ్బై దాటేది కాదు, ఆ తర్వాతే ఏదో దిష్టి తగిలినట్టు...

"అక్కా, వెనక!"

తిరిగింది. ఆలస్యమైంది. తిరిగిన మనిషి ముక్కలు ముక్కలుగా తిరిగింది, బొమ్మ నత్తి పట్టేసింది, ఎనభై ఏడు, విల్లు ఎత్తేలోపు ఎదుటివాడి కత్తి దిగిపోయింది. తెర బూడిద రంగులోకి మారింది. చచ్చిపోయింది. చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ బతికి రావడానికి కాసేపు పడుతుంది, ఆ కాసేపూ చేతులు ముడుచుకుని మిగతావాళ్ళు ఆడుతుంటే చూడాలి. ఎనభై ఎనిమిది. బాబాయ్ వంతెన మీద ఒంటరిగా ముగ్గురితో కొట్లాడుతున్నాడు. జట్టులో నాలుగో మనిషి ఒక అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడదు కాబట్టి పిల్లి అంటారు, స్తంభం మెట్ల మీద దాక్కుని ఉంది. ఫ్యాన్లు ఊపిరాడనట్టు అరుస్తున్నాయి. ఊపిరాడనట్టు. ఆమె వంగి, బల్ల కింద చీకట్లోకి చెయ్యి పోనిచ్చి, పెట్టె ముందు జాలీ మీద అరచెయ్యి ఆనించింది. గాలి లోపలికి లాగుతున్నట్టు తగలాలి కదా. తగల్లేదు. ఇంకాస్త పక్కకి జరిపింది, అక్కడా లేదు. ఫ్యాన్లు ఇంత అరుస్తుంటే గాలి ఎక్కడ? జాలీ మీద దుమ్ము చుక్క కూడా లేదు మేడమ్. ఆ మాట ఇప్పుడు ఇంకోలా వినిపించింది. గాలి పోయే చోట దుమ్ము పడుతుంది. దుమ్ము పడలేదంటే? వేళ్ళతో తడిమింది, రోజూ నరం కోసం తడిమే వేళ్ళు, మోచేతి మడతలో చర్మం కింద ఏది ఎక్కడుందో వెతికే వేళ్ళు. జాలీ అంటే గరగరలాడాలి, చిల్లులు తగలాలి. వేళ్ళు నున్నగా జారిపోయాయి. నున్నగా, బిగుతుగా, ఒక్క ముడత లేకుండా. ఆ నునుపు ఆమెకు తెలుసు. బాగా తెలుసు. రోజూ దాని మీదే కూర్చుంటుంది, దాని మీదే పడుకుంటుంది, దానిలోంచే టీవీ చానళ్ళు మారుస్తుంది.

ఆమెకు కోపం వచ్చింది. మామూలుగా వచ్చే చిరాకు కాదు, కోపమే, అరికాళ్ళ నుంచి లేచి వచ్చిన కోపం. తన ఒంట్లో వేడి అనుకుంది, వయసు అనుకుంది, ఎండ అనుకుంది, కార్డు చెడ్డది అనుకుంది, చివరికి గడ్డి మీద ప్రేమ ఎక్కువైందేమోనని తనని తాను తిట్టుకుంది కూడా, ఇన్నాళ్ళూ దాని ముక్కూ నోరూ మూసిపెట్టి ఉంటే! "ఏమండీ!" అని అరిచింది. నవ్వు వీధి గుమ్మం దాకా వినపడుతుందని అమ్మ భయపడేదే, ఆ గొంతు ఎక్కడికీ పోలేదు. హాల్లో సోఫా కరకరలాడింది, పేపరు పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు ఆయన.

"ఈ పెట్టె ముందు మీరేమైనా అతికించారా?"

"అతికించడమేంటి, కవరు వేశాను." ఆయన ముఖంలో దాపరికం లేదు, పైగా కాస్త సంతోషం, ఇన్నాళ్ళకైనా గమనించావు కదా అన్నట్టు. "అన్నీ చిల్లులు, దుమ్మంతా లోపలికే పోతుంది. షోరూమ్ నుంచి పల్చటి ప్లాస్టిక్ తెచ్చి, వేడిగాలి మిషన్‌తో బిగించాను. నువ్వు డ్యూటీలో ఉన్నావు అప్పుడు. చూడు, వేసినట్టు కూడా తెలియదు."

"దుమ్ము పోదు. గాలీ పోదు!"

"గాలి వెనక నుంచి పోతుందిగా? వెనక వైర్లున్నాయని వదిలేశాను."

నోటి దాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. కానీ తెర మీద బూడిద రంగు పోయే టైము దగ్గరపడుతోంది, ఎనభై తొమ్మిది, బాబాయ్ గొంతు ఆయాసంతో, "అమ్మాయ్, ఎక్కడున్నావ్," అంటోంది. ఆమె కుర్చీలోంచి జారి బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుంది. గోరు పెట్టింది, దిగలేదు. ఆయన పనితనం అలాంటిది, అంచులన్నీ లోపలికి మడిచి, పెట్టెతో పాటే పుట్టినట్టు అతికించాడు. "అయ్యో, చింపకు, మెల్లగా తీస్తే మళ్ళీ వాడుకోవచ్చు," అన్నాడు వెనక నుంచి. బల్ల మీద పెన్నుల డబ్బాలోంచి కత్తెర అందుకుని మొన పై మూలన గుచ్చింది. గుచ్చిన చోట ప్లాస్టిక్ లోపలికి పీల్చుకుపోయింది, నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషి మొదటి ఊపిరి పీల్చినట్టు. ఆ చప్పుడు వినగానే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిల్లులో వేలు పెట్టి కిందకి లాగింది. చర్రుమని పై నుంచి కింద దాకా చిరిగింది, రెండో చేత్తో మిగతా సగం పట్టుకుని అది కూడా పీకేసింది.

"సూదక్కా, ఆ చప్పుడేంటి? ఏమైంది?" కెప్టెన్.

"ఏమీ లేదు కెప్టెన్. కవరు తీశాను," అంది, కుర్చీలోకి ఎగబాకుతూ.

తెర మీద రంగులు తిరిగి వచ్చాయి. ఎనభై తొమ్మిది. అంకె కదల్లేదు, ఇంకా ఒక్కటి, ఒక్కటే. గడ్డిలో మళ్ళీ లేచి నిలబడింది ఆమె మనిషి, నత్తి నత్తిగా రెండు అడుగులు వేసింది. ఆరిపోతే ఆరిపోనీ, మళ్ళీ వెలిగిస్తాను, ఈ జట్టు కాకపోతే ఇంకో జట్టు, కానీ నేను తగ్గను అని పళ్ళు బిగించి అనుకుంది, అనుకుంటూనే చూసింది, ఎనభై ఎనిమిది. ఎనభై ఆరు. బల్ల కింద ఫ్యాన్ల గోల సన్నబడింది, పాదాలకి చల్లగా ఏదో తగిలింది, గాలి, పెట్టె లోపలికి పోతున్న గాలి దారిలో ఆమె పాదాలని తడుముతూ పోతోంది. ఎనభై రెండు. నత్తి వదిలింది. గడ్డి ఒక్కసారిగా సాఫీగా, పోచ పోచా విడివిడిగా ఊగింది, దాని మీద నుంచి బాణం వదిలితే అది ఎక్కడ ఎగిరిందో ఎక్కడ దిగిందో మొత్తం కనిపించింది. వంతెన మీద ఒకడు పడ్డాడు. డెబ్బై ఏడు. రెండోవాడు పడ్డాడు. బాబాయ్ ఏదో బూతు మాట అనబోయి టీచరమ్మ ఉందని మింగేశాడు. మెట్ల మీద దాక్కున్న పిల్లి మొదటిసారి నోరు తెరిచి, "అక్కా, పైకి వస్తున్నాడు," అంది, సన్నటి గొంతు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకుందో. మూడోవాడి కోసం ఆమె తొందరపడలేదు, భయపడే రోగికి చెప్పినట్టు తనలో తను, అయిపోయింది, చిన్న చీమ కుట్టినట్టు, అనుకుని వదిలింది. డెబ్బై మూడు దగ్గర ఉండగా గంట మోగింది. స్తంభం వాళ్ళదే.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "నా మాట వెనక్కి తీసుకుంటున్నానక్కా," అంది కెప్టెన్. సరే, ఇప్పుడే వస్తాను, ఇంకో ఆట ఉందిగా, అని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. చెవులకు గాలి తగిలింది. హాల్లోకి వెళితే ఆయన సోఫాలో కూర్చుని చిరిగిన ప్లాస్టిక్ ముక్కలు ఒళ్ళో పెట్టుకుని, ముడతలు సవరించి, చతురస్రంగా మడత పెడుతున్నాడు, ఇక దేనికీ పనికిరావని తెలిసి కూడా. ఆ మడత చూస్తే కోపం కొంచెం నీరుగారింది. కొంచెమే. కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"లేవండి," అంది.

"ఎందుకు?"

"లేవండి, చెప్తాను."

కత్తెర చూశాడు, సోఫా చూశాడు, అర్థమైంది. "ఒద్దే. కొన్నప్పటి నుంచి ఒక్క మరక పడకుండా కాపాడుకొచ్చాను."

"ఎవరి కోసమండీ?"

ఆయన ఆలోచించాడు. షోరూమ్‌లో అయితే కొనేవాళ్ళ కోసం, అది ఆయనకు నిద్రలో కూడా తెలిసిన జవాబు. ఇక్కడ? "ఎవరైనా వస్తే," అన్నాడు చివరికి, అంటుంటేనే ఆ మాట ఆయనకే అతకలేదనిపించింది.

"మనం వచ్చి చాలా ఏళ్ళయింది," అంది ఆమె.

ఆయన మెల్లగా లేచాడు. మడత పెట్టిన ప్లాస్టిక్‌ని గుండెకి ఆనించుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె సోఫా మూలన కత్తెర దింపి, ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది, ముసలి ప్లాస్టిక్, పసుపు పట్టి పెళుసైపోయింది, పెంకుల్లా విరుగుతూ ఊడి వచ్చింది. కింద గుడ్డ. నీలం రంగు. ఇది నీలం రంగు సోఫా అన్న సంగతి ఆమె పూర్తిగా మర్చిపోయింది, కొన్న రోజున ఆ నీలం కోసమే ఇది కావాలని తానే పట్టుబట్టింది, షోరూమ్‌లో వేలు చూపించి, ఇదే, వేరేది ఒద్దు, అని. ఆ పట్టుబట్టిన పిల్ల ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది. ఆమె ముక్కలన్నీ పోగేసి చెత్తబుట్టలో తొక్కి పడేసింది. "ఇక కూర్చోండి," అంది.

ఆయన వెంటనే కూర్చోలేదు. ముందు అరచేత్తో గుడ్డ తడిమాడు, వెలకట్టే మనిషిలా. తర్వాత అంచున కూర్చున్నాడు. తర్వాత, ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు అటూ ఇటూ చూసి, వెనక్కి వాలాడు. ఏ చప్పుడూ రాలేదు. ఆమె తన గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుని సెట్టింగులు తెరిచింది. కుర్రాడు తగ్గించి వెళ్ళిన నీడల్ని పైకి జరిపింది, నీళ్ళ మీద మెరుపుని పైకి జరిపింది, అన్నీ చివరి దాకా. హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది, తనలో తను అనుకుంటున్నట్టు, కాస్త ఆశ్చర్యంగా.

"చల్లగా ఉందే!"

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"కెప్టెన్, వచ్చేశాను. పదండి."